మళ్లీ మొదట్నుంచి

"మళ్లీ మొదట్నుంచి చూడవయ్యా" అన్నారు మా చీఫ్.

పీజీ రెండో ఏడాది. అర్ధరాత్రి. టైఫాయిడ్‌తో చిన్నపేగుకు చిల్లుపడిన కుర్రాడు బల్ల మీద ఉన్నాడు. పెద్దపేగులో కలిసే ముందు, టైఫాయిడ్ ఎక్కువగా దెబ్బతీసే చోటే చిల్లు దొరికింది. కుట్టేసి, ఇక పొట్ట మూసేద్దామనుకున్నాను. ఆయన మాట విని మొదట్నుంచి చూసుకుంటూ వస్తే, నేను కుట్టినదానికి జానెడు పైన కందిగింజంత రెండోది కనిపించింది.

అప్పట్నుంచి, పొట్ట తెరిస్తే పేగంతా నా వేళ్ల మధ్య నుంచి సాగాల్సిందే. మేం దీన్ని బవెల్ రన్ చేయడం అంటాం. చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినం చాలావరకు వెన్నువైపు అతుక్కుని ఉంటుంది. అది దాటి, ట్రైట్జ్ లిగమెంట్ దగ్గర పేగు వదులయ్యే చోట పట్టుకుంటాం. పైనున్న జెజునం దళసరిగా, లోపలి మడతలు వేళ్లకు తగులుతూ ఉంటుంది. కిందికి ఇలియంలోకి వచ్చేకొద్దీ గోడ పల్చబడుతుంది. చిన్నపేగు మొత్తం శవంలో కొలిస్తే 6 మీటర్లు. బతికున్న మనిషిలో కండరాల బిగువు వల్ల బాగా తక్కువ. ఇంత పేగునూ పట్టి ఉంచే మెసెంటరీ మొదలు 15 సెంటీమీటర్లే. నడుము దగ్గర దోపిన చీర కుచ్చిళ్లు కింద విచ్చుకున్నట్టు ఉంటుంది. తిరిగి లోపల సర్దేటప్పుడు మెలిపడిందంటే రక్తం ఆగిపోతుంది, అందుకే అక్కడ తొందరపడను.

పాడైన భాగం తీసేయాల్సివస్తే, జెజునంలో రెండడుగులు పోయినా మనిషి తట్టుకుంటాడు. ఇలియం చివరి రెండడుగుల దగ్గర మాత్రం నా చెయ్యి జంకుతుంది. బి12 విటమిన్‌ను పీల్చుకునేది, పైత్యరసంలోని లవణాలను కాలేయానికి తిప్పి పంపేది అక్కడే. అది పోతే బి12 ఇంజెక్షన్లు జీవితాంతం తప్పవు. మిగిల్చిన ప్రతి అంగుళానికీ పని ఉంది. తాగిన నీళ్లూ, లాలాజలం మొదలు క్లోమరసం దాకా ఒంట్లో ఊరినవీ కలిపి రోజుకు 8, 9 లీటర్లు చిన్నపేగు గుండా వెళ్తాయి. పెద్దపేగుకు చేరేది లీటరు, లీటరున్నర.

ఆ కుర్రాడికి ఆరో రోజున వాళ్లమ్మ స్టీలు గ్లాసులో గంజి తెచ్చింది. "పట్టమంటారా డాక్టరు గారూ?" అంది. పట్టమన్నాను. అతను ఒక్కో చెంచా మింగుతుంటే, అది ఎక్కడిదాకా వెళ్లిందో నా వేళ్లకు తెలుస్తున్నట్టే ఉంది.