పళ్లెం ఎక్కే ముందు

కూచిపూడిలో ఏ గురువూ మొదటి రోజే శిష్యురాలిని ఇత్తడి పళ్లెం ఎక్కించరు. ముందు అరమండి, తర్వాత అడుగులు. ఒక్కో అడుగూ ఒకటో కాలంలో, అంటే నెమ్మది వేగంలో, కుదిరాకే రెండో కాలం, అదీ నిలబడ్డాక మూడోది. పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం దాకా వెళ్లేది ఆ పునాది మీదే. బందరుకీ దివిసీమకీ పక్కనే ఉన్న ఊరు తరతరాలుగా పాటిస్తున్న ఈ పద్ధతిని, వ్యాయామం దగ్గరికొచ్చేసరికి మనం మర్చిపోతాం. ఫోనులో పదివేల అడుగులని పెట్టేసుకుని మర్నాడే బయల్దేరతాం.

ఆ పదివేలు ఏ వైద్యులూ తేల్చిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన, అడుగులు లెక్కపెట్టే ఓ పరికరం పేరులోంచి పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది వేరు: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు పని. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఓ మోస్తరు అంటే అంతే. ఒక్క బిగిన పది నిమిషాలైనా చేయాలన్న పాత షరతునూ ఆ సంస్థ తీసేసింది. ఐదు నిమిషాలు నడిచినా లెక్కలోకే వస్తాయి.

ఇక లక్ష్యాన్ని మంచి రోజును చూసి కాదు, చెడ్డ రోజును చూసి పెట్టుకోవాలంటాను. మా బందరులో అలాంటి రోజులకు కొదవ లేదు. రోహిణి కార్తెలో పొద్దున్నే ఉక్కపోత. గాలిలో తేమకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. అందుకే నాకు రెండు లెక్కలు. కాలవగట్టు పొడిగా ఉంటే అరగంట నడక, వారానికి ఐదు రోజులు. ముసురు పట్టిందా, వరండాలోనే పది నిమిషాలు: కుర్చీలోంచి చేతి సాయం లేకుండా లేవడం, కూర్చోవడం. ఆ చిన్న లెక్క ఉండబట్టి పెద్దది తెగిపోదు.

మూడు, నాలుగు వారాలు తేలిగ్గా గడిచాకే పెంచాలి. అదీ సమయమో, వేగమో ఏదో ఒకటే. ఆయాసం తొందరగానే తగ్గుతుంది గానీ, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి ఎక్కువ కాలం పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని పరిగెత్తినవాళ్లకు మడమా, మోకాలూ అడ్డం తిరిగేది చాలాసార్లు అందుకే.

అందరికీ ఒకే లక్ష్యం కుదరదు. గుడివాడలో పొద్దస్తమానం గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయనకు నడక కావాలి. దివిసీమలో ఊడ్పులకు వంగి ఇంటికొచ్చిన ఆవిడకు ఇంకో నాలుగు వేల అడుగులు వెయ్యమనడం వేళాకోళం. ఆమెకు ముందు కావలసింది నడుం వాల్చే వేళ, కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర.

తూకాన్ని లక్ష్యం చేసుకోవడమూ నాకు నచ్చదు. నిన్న తిన్న ఉప్పూ, తాగిన నీళ్లూ కూడా ఆ ముల్లును కదిలిస్తాయి. ఇవాళ నడవడమొక్కటే మన చేతిలో ఉంది. మరి ఆరోగ్యాన్ని దేంతో కొలవాలి? గుడివాడ ప్రాంతంలో పుట్టిన నటుడు అక్కినేని నాగేశ్వరరావుకు 1974లో గుండె ఆపరేషన్ అయింది. ‘ప్రేమాభిషేకం’ వచ్చింది ఆ తర్వాతే, 1981లో. ఆఖరి సినిమా ‘మనం’ 2014లో, ఆయన 90 ఏళ్ల వయసులో కన్నుమూశాక విడుదలైంది. నా దృష్టిలో ఆరోగ్యానికి కొలత అదే: మన పని మనం ఎన్నాళ్లు చేసుకోగలమన్నది. గుండెజబ్బు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరునే అడగాలి.

ఈ ఆదివారం ఓ కాగితం మీద నాలుగు ప్రశ్నలు వేసుకోండి. వారానికి ఎన్ని రోజులు? ఎంతసేపు? ఎక్కడ? వానొస్తే ఏం చేస్తాను? జవాబులు మాత్రం నాలుగోదానితో మొదలుపెట్టండి.