‘ఆమెకు చెప్పొద్దు’ – ఎవరి మాట ఇది?

లులు వాంగ్ తీసిన ‘ది ఫేర్‌వెల్’ (2019) సినిమా చైనా పేరుకి అర్థం ‘ఆమెకు చెప్పొద్దు’. ఆ సంగతి తెలియగానే నాకు జనగామలోని మా ఇల్లు గుర్తొచ్చింది. మా బాపమ్మకి గర్భసంచి క్యాన్సరని తేలిన రోజు మా ఇంట్లో అందరి నోటా వచ్చిన మాట కూడా ఇదే.

సినిమాలో నాయనమ్మ చాంగ్‌చున్‌లో ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో దశ. మూడు నెలలకి మించి బతకదంటారు. అమెరికాలో, జపాన్‌లో స్థిరపడ్డ కొడుకులు ఆమెకి ఆ మాట చెప్పకుండా, మనవడి పెళ్లి వంకతో చివరిచూపు కోసం వస్తారు. న్యూయార్క్‌లో పెరిగిన మనవరాలు బిల్లీకి ఇది మోసమనిపిస్తుంది. పాశ్చాత్య దేశాల్లో మనిషి బతుకు ఆ మనిషిదే, ఇక్కడ అది కుటుంబానిది, కాబట్టి ఆ దుఃఖాన్ని కుటుంబమే మోయాలంటాడు జపాన్ నుంచి వచ్చిన తండ్రి సోదరుడు.

ఇది రెండు సంస్కృతుల ఘర్షణ అని సరిపెట్టుకోవడం తేలికే. కానీ ‘కుటుంబం మోస్తుంది’ అన్నప్పుడు మోసేది ఎవరు? ఆసుపత్రికి వెంట వెళ్లి, డాక్టరు మాట ముందుగా విని, ఏమీ లేదని అక్కకి చెప్పింది చెల్లెలు. ఆ పాత్ర వేసిన లూ హాంగ్ దర్శకురాలికి నిజంగానే చిన్న నాయనమ్మ. బతుకులో మోసిన అబద్ధాన్నే తెరమీద మళ్లీ మోసింది. వ్యతిరేకించిన బిల్లీ కూడా చివరికి రిపోర్టు నాయనమ్మ కంట పడకుండా ఆసుపత్రికి పరుగెత్తుతుంది. నిర్ణయాన్ని సంస్కృతిగా వివరించింది మగవాళ్లు, దాన్ని రోజూ నిలబెట్టింది ఆడవాళ్లు.

ఇంకో వివరముంది. నాయనమ్మ కూడా ఒకప్పుడు తన భర్త దగ్గర ఇదే అబద్ధం ఆడింది. సినిమా ఈ మాట చెప్పి ముందుకెళ్లిపోతుంది. నేను అక్కడే ఆగిపోయాను. అబద్ధం ఎలా ఆడాలో తెలిసిన మనిషి, తన చుట్టూ అల్లుతున్న అబద్ధాన్ని పసిగట్టలేదా? చెప్పాలా వద్దా అని అంతమంది వాదించుకున్నారే కానీ, ‘నీకెంత వరకు తెలుసుకోవాలనుంది?’ అని ఒక్కరూ ఆమెని అడగలేదు.

మా ఇంట్లోనూ అడగలేదు. 2009 అది. డాలస్ నుంచి చిన్నాయన ఫోన్: చెప్పకండి, ఖర్చుకి వెనకాడకండి, ఏ మిషన్ పెట్టాలన్నా పెట్టించండి. ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, రిపోర్టులు బియ్యం డబ్బా వెనక దాచింది మాత్రం మా అవ్వ. ఒకరోజు రాత్రి బాపమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, “నాకెర్కనే బిడ్డా. పిల్లలకు చెప్పకు, పరేశానైతరు. నన్ను గీ ఇంట్లనే పోనియ్యి” అన్నదట. అలా రెండు వైపుల అబద్ధమూ అవ్వ మీదే పడింది. ఆమె నోరు విప్పలేదు. ప్రాణానికి సంబంధించిన విషయంలో కోడలి మాట వినేదెవరు? బాపమ్మ హైదరాబాద్‌లో, ఐసీయూలో, గొంతులో గొట్టంతో పోయింది.

ఇప్పుడు చట్టం కొంత మారింది. కోలుకునే ఆశ లేనప్పుడు తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌ని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధృవీకరణ చాలు. తాను చెప్పలేని స్థితిలో తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లూ అందులో రాయొచ్చు. కొడుకే కావాలన్న నిబంధన లేదు. కోడలైనా, కూతురైనా కావచ్చు. కానీ అడగడమే అలవాటు లేని ఇంట్లో ఆ కాగితం ఎక్కడి నుంచి పుడుతుంది?

సంస్కృతిని గౌరవించే వైద్యమంటే కొడుకులు చెప్పినదానికి తలూపడం కాదని నాకనిపిస్తుంది. మంచం మీదున్న మనిషిని ఆమె భాషలో, ఆమెకి అలవాటైన చేతుల మధ్య అడగడం. ‘నాకేం చెప్పకండి, మీరే చూసుకోండి’ అని ఆమె అంటే అదీ గౌరవించాల్సిందే. ఎందుకంటే అప్పుడది ఆమె మాట.

దర్శకురాలి అసలు నాయనమ్మ, జబ్బు బయటపడిన ఆరేళ్లకి కూడా బతికే ఉందని సినిమా చివర్లో చూపిస్తారు. సంతోషమే. కానీ ఆమె బతకడం, ఆమెని అడగకపోవడానికి సమర్థన కాలేదు.

సినిమా చూసిన మర్నాడు బియ్యం ఏరుతున్న మా అవ్వని అడిగాను, “నీకేమన్నయితే నీకు చెప్పాల్నా?” అని. చేట దించకుండానే అన్నది: “నాకు చెప్పు. మీ అన్నకు నేనే చెప్త.”