త్యాగం అన్నది ఎవరి మాట?

కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డునున్న సోమశిల గురించి రాసేవాళ్ళు రెండు విషయాలు తప్పకుండా చెబుతారు. ఒకటి, శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా విప్పి తెచ్చి ఎత్తు మీద మళ్ళీ కట్టిన సోమేశ్వరాలయం. రెండోది, ముంపు గ్రామాల ప్రజల 'త్యాగం'.

1981లో వందకు పైగా ఊళ్ళనుంచి లక్షమందికి పైగా కదలాల్సి వచ్చింది. కదలనివాళ్ళ ఇళ్ళు ప్రభుత్వమే కూలగొట్టించింది. దీన్ని త్యాగం అనడంలో ఒక సౌకర్యం ఉంది. త్యాగం చేసినవాళ్ళకి దండం పెడితే సరిపోతుంది, బాకీ తీర్చనక్కర్లేదు. ఇంట్లో అమ్మని 'త్యాగమయి' అనే నోళ్ళకి ఈ సౌకర్యం బాగా తెలుసు.

పేరులేని మనుషుల నిస్వార్థ జీవితాలను ఎలా చదవాలో తెలుగులో మనకు నేర్పిన పుస్తకం 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చింది. అందులో అడవిలో పసిబిడ్డను పరాయి చేతుల్లో పెట్టాల్సి వచ్చిన కమలమ్మ ఉంది. ఆమెను వీరమాత అని మురిసిపోవడం తేలిక. కానీ ఆ కథ చెప్పింది ఆమే కాబట్టి, పార్టీ క్రమశిక్షణా ఆమె కడుపుకోతా రెండూ మనకు వినబడతాయి. పోరాటం ఆగాక ఇళ్ళకు పొమ్మంటే ఆడవాళ్ళు ఏమైపోయారన్న ప్రశ్న కూడా ఆ పుస్తకమే అడిగింది. పాలకుర్తి ఐలమ్మని త్యాగమూర్తి అంటే అసలు సంగతి పోతుంది. ఆమె దేన్నీ వదులుకోలేదు. తన చేను తనదే అని నిలబడింది.

అయితే ఆ పుస్తకంలోని స్త్రీలను వెతకడానికి ఉద్యమం అనే ఒక దారి ఉంది. ముంపు ఊళ్ళ ఆడవాళ్ళకి అదీ లేదు. నష్టపరిహారం పట్టా ఉన్నవాళ్ళకి. పట్టా ఎక్కువగా మగవాళ్ళ పేరు మీద. కూలికి పోయిన ఆమె, ఏటి ఒడ్డున బట్టలుతికి బతికిన ఆమె, మందను మేపుకున్న ఆమె ఏ కాగితం మీద ఉంటారు? ఆ 1986లోనే వచ్చిన 98వ నంబరు జీవో ముంపు కుటుంబానికొక ఉద్యోగం ఇస్తానంది. దానికోసం బాధితులు దశాబ్దాలు తిరిగారు. ఆ ఒక్క ఉద్యోగం కొడుకుదా, కూతురిదా, కోడలిదా అన్న ప్రశ్న జీవోకి తట్టే ప్రశ్న కాదు. సాహిత్యానికి తట్టాలి.

అందుకే ముంపు కథలు రాసేవాళ్ళకీ సేకరించేవాళ్ళకీ ఒక మనవి. ఆ ఆడవాళ్ళ దగ్గరికి పోయి "ఏం త్యాగం చేశావమ్మా?" అని అడగొద్దు. నిన్నెవరన్నా అడిగారా, పైసలు ఎవరి చేతికొచ్చాయి, కొత్త ఊళ్ళో నీళ్ళు ఎంత దూరం నుంచి మోశావు, నీకేం కావాలనుకున్నావు అని అడగాలి. ఆ జవాబుల్లో కోపం ఉంటుంది, స్వార్థం కూడా ఉంటుంది. వాటిని దిద్దకుండా అచ్చువేయాలి.