మేరియొన్ చెక్కిన మారా ఇల్లు

షార్ల్ మేరియొన్ పేరు మన సాహిత్య సభల్లో వినిపించడం అరుదు. వినిపించినా రెండే మాటలు వినిపిస్తాయి. పాత పారిస్‌ను రాగిరేకు మీద చెక్కిన నిపుణుడన్నది ఒకటి. పిచ్చెక్కి పోయినవాడన్నది రెండోది. 1821లో పుట్టి 1868లో షరాంతోన్ ఉన్మాదశాలలో చనిపోయాడు కనుక ఈ రెండు మాటలూ అబద్ధాలు కావు. అయితే వీటిని అడ్డం పెట్టుకుని బొమ్మను చూడకుండా తప్పించుకునేవారు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. రూపవాదులకు అతని పనితనం చాలు. మన మిత్రుల్లో కొందరికి 'పతనావస్థలోని కళ' అన్న ముద్ర చాలు. ఈ వ్యాసకర్త కూడా కొన్నాళ్ళు ఆ రెండో వరసలోనే నిలబడ్డాడు. మనసు మార్చినది 1861 నాటి ఒక ఎచ్చింగు. అదొక ఇంటి బొమ్మ.

ఆ ఇల్లు పారిస్‌లో వైద్యకళాశాల వీధిలోని 22వ నంబరుది. అంతస్తు మీద అంతస్తుగా పెరిగిన పాతకాలపు ఇల్లు. దాని మూలన వీధి మీదికి పొడుచుకువచ్చి, నేలను తాకకుండా గోడనే పట్టుకుని వేలాడే చిన్న బురుజు ఒకటి ఉంటుంది. జనం నోట అది 'మారా ఇల్లు'. ఫ్రెంచి విప్లవకాలంలో 'ప్రజామిత్రుడు' పత్రిక నడిపిన మారా 1793 జూలై 13న షార్లట్ కొర్దే కత్తిపోటుకు ప్రాణం విడిచినది ఆ వీధిలోనే. అప్పుడు ఆ వీధి పేరు వేరు. హత్య జరిగిన గుమ్మం అదేనా, పక్కదా అన్న తగవును చరిత్రకారులకు వదిలేద్దాం. జనం జ్ఞాపకం ఆ బురుజును పట్టుకున్నది. మేరియొన్ సూదీ దాన్నే పట్టుకున్నది.

ఎచ్చింగు పని ఎరుగని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. నునుపు చేసిన రాగిరేకు మీద మైనం, గుగ్గిలం వంటివి కలిపిన పూత పూసి, పొగ పట్టించి నల్లబరుస్తారు. సూదితో గీసినచోట పూత లేచి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో పెడితే, బయటపడ్డ రాగిని మాత్రమే ఆమ్లం తింటుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అచ్చులో అంత నలుపు. తర్వాత పూత తీసేసి, గీతల్లోకి సిరా ఎక్కించి, తడి కాగితం పరచి అచ్చుయంత్రంలో నొక్కుతారు. కొన్ని ప్రతులు తీశాక తృప్తి కలగకపోతే చిత్రకారుడు మళ్ళీ రేకు పట్టుకుంటాడు. కొత్త గీతలు కలుపుతాడు. అక్కర్లేనివాటిని గీకేసి, మెరుగుపెట్టి, ఏర్పడిన పల్లాన్ని వెనకనుంచి సుత్తితో కొట్టి సమం చేస్తాడు. కంసాలి ఓర్పు కావలసిన పని. ఇలా రేకు మారినప్పుడల్లా వచ్చే అచ్చును ఒక 'దశ' అంటారు.

మన తాళపత్ర ప్రతుల్లో పాఠాంతరాలుంటాయి. చాలావరకు అవి లేఖకుల చేతి తప్పులో, అతితెలివితేటలో అయి ఉంటాయి. ఇక్కడ పాఠాంతరాలన్నీ కర్తవే. పైగా నూనెరంగుల చిత్రంలో మొదట వేసినది పైపూత కింద సమాధి అయిపోతుంది. ఎచ్చింగులో చెరిపిన గీత రేకు మీద పోయినా, అంతకుముందు తీసిన కాగితం ఎవరి పెట్టెలోనో బతికే ఉంటుంది. చిత్రకారుడు తన మాట తానే వెనక్కి తీసుకున్నాడన్న సంగతి దాగదు. కళను సరుకుగా చూసేవారికి ఈ సౌకర్యం బాగా పనికివచ్చింది. తొలి దశకు ఒక ధర, అరుదైన మధ్య దశకు మరొక ధర. మార్పు ఎందుకు జరిగిందన్నది వేలంపాటలో ఎవరూ అడగరు.

మారా ఇంటి రేకుకు పదికి మించి దశలున్నాయి. వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. ఇల్లు దాదాపు కదలదు. గోడ, బురుజు, కిటికీల నలుపు, రాతి మీద పడే వెలుగు, వీటి విషయంలో మేరియొన్‌కు సందేహమే లేదు. తగువంతా ఆకాశంతో. తొలి దశల్లో ఇంటి పైన ఆకాశంలో సత్యం, న్యాయం, అమాయకత్వం అనే భావాలకు ప్రతీకలైన మూర్తులు తేలుతుంటాయి. తర్వాతి దశల్లో వాటిని గీకివేశాడు. ఖాళీ ఆకాశం కింద ఇల్లు మిగిలింది.

రూపవాది దీన్ని చూసి, అనవసరమైనది పోయి చిత్రం బాగుపడిందంటాడు. నిజమే, ఆ మూర్తులు చిత్రానికి అతకలేదు. గోడ గీసిన చేతికీ వాటిని గీసిన చేతికీ పొత్తు లేదు. కాని అంత చేయి తిరిగినవాడు అతకనిదాన్ని ఎందుకు పెట్టాడు? జబ్బువల్ల అన్నది తేలిక సమాధానం. దానికి తృప్తిపడకుండా ఏడేళ్ళు వెనక్కి వెళ్ళి చూడాలి.

మేరియొన్ నౌకాదళంలో అధికారిగా న్యూజిలాండు దాకా తిరిగి వచ్చినవాడు. రంగులను వేరుపరచలేని కంటిలోపం ఉండడంతో చిత్రలేఖనం సాగక ఎచ్చింగులోకి వచ్చాడు. 1850 నుంచి 1854 దాకా పారిస్ మీద ఒక ఎచ్చింగుల వరస చేశాడు. అందులో 1854 నాటిది 'పోంతో షాంజ్' వంతెన. వంతెన మీద జనం. కింద నదిలో ఒకడు మునిగిపోతున్నాడు. పైన ఆకాశంలో ఒక గాలిబుడగ, దాని మీద 'స్పెరాంజా' అని పేరు. ఇటలీ భాషలో ఆశ అని అర్థం. తర్వాతి దశల్లో ఆ ఆశ చెరిగిపోయి ఆకాశం నిండా నల్లని పక్షుల గుంపు దిగింది. ఆపైన పక్షులూ పోయి మళ్ళీ బుడగలు వచ్చాయి, ఈసారి ఒకటి కాదు, చాలా. అన్ని దశల్లోనూ వంతెన వంతెనగానే ఉన్నది.

కవి బోద్‌లేర్ 1859 నాటి చిత్రప్రదర్శన సమీక్షలో మేరియొన్‌ను ఎంతో మెచ్చుకున్నాడు. 1860 జనవరిలో తన ప్రచురణకర్త పులె-మలాసీకి రాసిన ఉత్తరంలో ఈ పక్షుల ముచ్చట చెప్పాడు. పారిస్ ఆకాశంలో ఇన్ని గద్దలుండడం నమ్మదగినదేనా అని తాను అడిగితే, దానికి ఆధారం లేకపోలేదని మేరియొన్ జవాబిచ్చాడట. 'ఆ మనుషులు', అంటే చక్రవర్తి ప్రభుత్వం వారు, శకునం చూడడానికి తరచు గద్దలను వదిలారనీ, అది పత్రికల్లో, సర్కారు పత్రికలో సైతం, పడిందనీ అన్నాడట. బోద్‌లేర్ దీన్ని మతి చెడినవాడి మాటగానే చెప్పుకున్నాడు.

మనం మాత్రం ఒక్కక్షణం ఆగాలి. గద్ద రెండో సామ్రాజ్యానికి రాజచిహ్నం. 1840లో లూయీ నెపోలియన్ బులోన్ తీరంలో దిగి తిరుగుబాటు లేవదీయబోయినప్పుడు మచ్చిక చేసిన గద్దను వెంట తెచ్చాడని లోకం నవ్వుకున్నది. 1851 డిసెంబరు 2న అతడే రిపబ్లిక్కును కూల్చాడు. 1852 మే 10న షాన్ ద మార్స్ మైదానంలో సైన్యానికి గద్ద ధ్వజాలు పంచిపెట్టాడు. పత్రికల నోరు కట్టాడు. అటువంటి రాజ్యంలో ఆకాశం నిండా గద్దలను చూసినవాడి మాటను కేవలం మతిభ్రమణంగా కొట్టిపారేయగలమా?

అలాగని ఆ పక్షులు సామ్రాజ్యం మీద వేసిన వ్యంగ్యాస్త్రమని తీర్మానించి మేరియొన్‌ను మన శ్రేణిలో చేర్చుకోవడమూ తొందరపాటే. ఆ ఉత్తరం నాటికి అతడు 1858-59లో షరాంతోన్‌లో ఉండి వచ్చినవాడు. ఎడ్గార్ పో కథలు ఒక మనిషి రాసినవి కావనీ, పలుకుబడిగల రచయితల సంఘమొకటి రాసినవనీ నమ్మినవాడు. జబ్బు జబ్బే. కాని జబ్బుపడిన మనసు కూడా తన భయాలకు రూపాలను తానున్న సమాజంనుంచే తెచ్చుకుంటుంది. మేరియొన్ భయం గద్ద రూపం ధరించడంలో ఆనాటి ఫ్రాన్సు చేయి ఉన్నది. ఇంతకుమించి అనను.

వంతెన బొమ్మ నాటిదే, 1854లోదే, 'మోర్గ్' అనే రేకు. ఊరూ పేరూ తెలియని శవాలను గుర్తుపట్టడానికి ఉంచే ఇల్లది. సేన్ నది ఒడ్డున పొట్టి కట్టడం, దాని వెనక పేదలుండే పొడుగాటి ఇళ్ళు, పొగగొట్టాలు, ఒడ్డున బట్టలుతికే పడవలు. నదిలోంచి తీసిన శవాన్ని మోసుకుపోతున్నారు. ఒక స్త్రీ శోకంతో విరుచుకుపడుతోంది. పిట్టగోడ మీదినుంచి జనం వంగి చూస్తున్నారు. ఆకాశానికి చోటే లేదు. ఇళ్ళే దాన్ని మింగేశాయి. ఇక్కడ మేరియొన్‌కు ప్రతీకా మూర్తి ఏదీ అవసరపడలేదు. ఎలా బతికారో, ఎలా చచ్చారో ఒకే చట్రంలో పక్కపక్కన ఉన్నాయి. నా దృష్టిలో అతని శిఖరం ఇదే. మారా ఇల్లు దీనికంటే ఒక మెట్టు కిందిదే. అయినా ఆ రెండో రేకును గురించి ఈ వ్యాసం రాయడానికి కారణం, అందులో ఓటమి మరింత విప్పారి కనిపించడం.

1853లో సేన్ జిల్లా ప్రిఫెక్టుగా వచ్చిన ఓస్మాన్ పారిస్‌ను చీల్చి విశాలమైన వీధులు వేశాడు. సిటే దీవిలో పేదల సందులు తుడిచిపెట్టుకుపోయాయి. ఎంగెల్స్ 1872లో 'ఇళ్ళ సమస్య' రాస్తూ ఓస్మాన్ పేరును ఒక పద్ధతికే పేరు చేశాడు. ఇరుకు సందులు ఒకచోట మాయమై వెంటనే మరొకచోట పుట్టుకొస్తాయనీ, బూర్జువా వర్గం తన ఇళ్ళ సమస్యను పరిష్కరించే తీరే అదనీ తేల్చాడు. మేరియొన్‌కు ఈ విశ్లేషణ అందలేదు. అతడు 1852లో చెక్కిన తిక్సెరాంద్రి వీధి బురుజు 1851లోనే కూలిపోయింది. కూలే ఇంటిలో ప్రతి రాయీ అతనికి తెలుసు. ఎవరు కూలుస్తున్నారో, ఎవరి లాభం కోసమో తెలియలేదు. 1848 జూన్‌లో పారిస్ కార్మికులు బారికేడ్లు కట్టి నెత్తురు చిందించిన వీధులవి. పారిస్ రేకుల్లో ఎక్కడా ఒక బారికేడ్ కనబడదు. ఇది లోపమే. దాచనక్కర్లేదు. తెలిసినదాన్ని అతడు ఒక్కసారి గీసి ఊరుకున్నాడు. తెలియనిదాన్ని ఆకాశంలో పెట్టి గీస్తూ, గీకుతూ, మళ్ళీ గీస్తూ పోయాడు.

ఇక్కడ దావీద్ గుర్తుకు రాకమానడు. 1793లోనే అతడు 'మారా మరణం' చిత్రించాడు. స్నానపు తొట్టి, చెక్కపెట్టె, కలం, చేతిలో ఉత్తరం. చిత్రంలో పైసగం దాదాపు వట్టి గోడ. జాకోబిన్ అయిన దావీద్‌కు, విప్లవ శాసనసభలో కూర్చున్న దావీద్‌కు, మారాను చంపినదెవరో, మారా ఎవరి మనిషో తెలుసు. న్యాయదేవతను పిలవవలసిన అగత్యం అతనికి కలగలేదు. 68 ఏళ్ళ తర్వాత మేరియొన్ అదే వీధిలో నిలబడితే ఆ గది కనిపించదు. కనిపించేది బయటిగోడ, కిటికీలు, బురుజు. లోపల జరిగినదాన్ని గురించి పైకి మాట్లాడడం సామ్రాజ్యంలో సులభం కాదు. సత్యాన్నీ న్యాయాన్నీ ఆకాశంనుంచి దింపబోయాడు. అవి దిగలేదు. చివరికి చెరిపివేశాడు. ఆ చెరిపిన ఆకాశపు ఖాళీ, దావీద్ గోడ ఖాళీ చూడడానికి ఒకటిలాగే ఉంటాయి. వాటి మధ్య 1848 జూన్ ఉంది, 1851 డిసెంబరు ఉంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. కళాచరిత్ర పుస్తకాల్లో ఈ రేకునుంచి ఏదో ఒక దశను మాత్రమే అచ్చువేసి, కింద మేరియొన్, 1861 అని రాసి ఊరుకోవడం రివాజు. అటువంటి పుస్తకాన్ని తరగతిలోకి తీసుకువెళ్ళే ఉపాధ్యాయులు రెండో దశ ప్రతిరూపాన్ని కూడా సంపాదించి, పక్కన పెట్టి, విద్యార్థులను ముందుగా ఆకాశం కేసి చూడమని, తర్వాత ఇంటి కేసి చూడమని అడగవలసి ఉంటుంది.