వెన్న ముద్ద వేసిన జావ

డిసెంబరులో యూరప్, అమెరికా దుకాణాల నిండా ఒక బొమ్మ కనిపిస్తుంది. పొడవాటి టోపీ, తెల్లగడ్డం, మధ్యన గుండ్రటి ముక్కు. కళ్ళను టోపీ కప్పేస్తుంది. స్వీడన్‌లో తోమ్తె, డెన్మార్క్, నార్వేల్లో నిస్సె అని పిలిచే ఇంటి కాపరి ఇతడు. ఇతని మీద రెండు గొప్ప రచనలున్నాయి: హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1852లో రాసిన కథ, విక్టర్ రిడ్‌బెర్గ్ 1881లో రాసిన ‘తోమ్తెన్’ కవిత.

ఆండర్సన్ నిస్సె పచారీ కొట్లో ఉంటాడు. క్రిస్మస్‌కు అక్కడ వెన్న ముద్ద వేసిన జావ పెడతారు మరి. పై గదిలో ఒక పేద విద్యార్థి. జున్ను చుట్టిన కాగితం ఏదో కవిత్వ పుస్తకంలోంచి చింపిందని చూసి, జున్ను మానుకుని మిగిలిన పుస్తకం కొనుక్కుపోతాడు. ఆ రాత్రి తాళం కన్నంలోంచి తొంగిచూసిన నిస్సెకు ఆ పుస్తకంలోంచి కాంతివృక్షం ఒకటి పైకి లేవడం కనిపిస్తుంది. తర్వాత వీధిలో మంటలు రేగినప్పుడు అతను కాపాడింది ఆ పుస్తకాన్నే, తన ఎర్రటోపీలో పెట్టుకుని. మంటలు ఆరాక మాత్రం మనసు మళ్ళీ కిందికి లాగుతుంది. ఇద్దరి దగ్గరా ఉంటాను, జావ కోసం కొట్టతన్ని వదులుకోలేను అనుకుంటాడు.

ఈ ఆకలి అచ్చంగా పల్లె కథల్లోది. జావ మీద వెన్న కనబడలేదని కోపంతో ఆవును చంపి, గిన్నె అడుగున వెన్న బయటపడ్డాక పక్కింటి కొట్టం నుంచి అలాంటి ఆవునే తెచ్చి కట్టిన నిస్సె కథ అక్కడ చెప్పుకుంటారు. పెట్టాల్సింది పెడితేనే కాపలా. 14వ శతాబ్దంలోనే సెయింట్ బిర్గిట్టా ఇలాంటి ఇంటిదేవతల కొలుపును ఖండించింది.

రిడ్‌బెర్గ్ తోమ్తెకు ఈ కోపం లేదు. నడిశీతాకాలపు రాత్రి రైతు ఇంట అందరూ నిద్రపోతుంటే అతనొక్కడే మేలుకుని ఆవులను, గుర్రాన్ని, కుక్కను, నిద్రపోతున్న పిల్లలను చూసి వస్తాడు. తరాలు ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్న అతన్ని వదలదు, జవాబూ దొరకదు. కవితగా ఇది నన్ను కదిలిస్తుంది. అయినా రైతులు భయపడి జావ పెట్టిన తోమ్తె ఇతడు కాడనే అంటాను. రిడ్‌బెర్గ్ అతన్ని తత్త్వవేత్తను చేశాడు.

ఆ కవితకు బొమ్మలు వేసింది యెన్నీ నీస్ట్రోమ్. కవితలో బూడిదరంగులో మంచు ముందు నిలబడ్డ ముసలివాడు, తర్వాత ఆమె గీసిన క్రిస్మస్ కార్డుల్లో ఎర్రటోపీతో, గులాబీ బుగ్గలతో నవ్వాడు. ఆ కార్డులు ఇంటింటికీ చేరాయి. ఇవాళ్టి బొమ్మ వాటి వారసుడే. కళ్ళు కప్పేయడంతో రిడ్‌బెర్గ్ తోమ్తె మెలకువా పోయింది, జావ అడగకపోవడంతో పాత ఒప్పందమూ పోయింది. ఈ అలంకారం వెనకున్నది తెలుసుకోవాలనుకునేవారు ముందుగా ఆండర్సన్ కథే చదవాలి. ఆశా ఆకలీ రెండూ ఉన్న నిస్సె అందులోనే దొరుకుతాడు.