వత్తీ, మందూ

చాలా ఏళ్ల కింద పులివెందుల వైపు ఒక ఊళ్లో గొడవ జరిగితే, మా పత్రికలో ఆ వార్తకు ‘గట్టు మీద చెట్టు కొట్టారని ఘర్షణ’ అని శీర్షిక పెట్టాను. తర్వాత ఆ ఊరికి వెళ్తే ఒకామె నిలదీసింది. ‘‘చెట్టు కోసరం తలకాయలు పగలగొట్టుకునేటోళ్లమా సార్ మేము?’’ అంది. భూమి పంపకాల్లో తేడా, బోరు ఎండిపోవడం, నీళ్ల వంతు దగ్గర పడిన మాటలు... పదేళ్ల కథ అది. నేను రాసింది మాత్రం ఆఖరి రోజు సంగతి.

ఇంగ్లీషులో దీన్నే ‘ట్రిగ్గర్’ అంటారు. అసలు ఇది డచ్చి మాట. ట్రెక్కెన్ అంటే లాగడం, ట్రెక్కర్ అంటే లాగేది. డచ్చివాళ్లు మచిలీపట్నంలో వర్తకం పెట్టుకున్న 17వ శతాబ్దంలోనే అది ఇంగ్లీషులో ‘ట్రిక్కర్’గా చేరి, ఆనక ట్రిగ్గర్ అయింది. కొండలెక్కే ట్రెక్కింగ్ కూడా దీని దాయాదే. ఇంగ్లీషువాళ్లు తుపాకీ ట్రిగ్గర్ లాగుతారు, మనం నొక్కుతాం. తుపాకీ దాటి తలనొప్పులకూ తగాదాలకూ ఈ మాట పాకింది 20వ శతాబ్దంలో.

ఈ మాట లోతు నాకు తెలిసింది అదే పులివెందుల వైపున్న వేములలో. ముగ్గురాయి గనుల్లో వయసంతా ధారపోసిన పెద్దాయన ఒకరు తూటా పెట్టే తీరు చేతులతోనే చూపించాడు. ఎడమ పిడికిలి రాతిలో రంధ్రం, కుడి చూపుడువేలు కడ్డీ. వేలు లోపలికి దించి, మెల్లగా, పదేపదే అదిమాడు. ‘‘రంధ్రం కొట్టి మందు దట్టించేదానికే పొద్దు పొయ్యేది నాయనా. వత్తి ముట్టించేది ఎంతసేపు? అంతమాత్రాన కొండను పగలగొట్టింది అగ్గిపుల్ల అంటామా?’’ అన్నాడు. అప్పటికీ ఆ వేలు పిడికిట్లోనే ఉంది.

ఈ తేడా మన భాషకు ఎప్పుడో తెలుసు. కారణం వేరు, నిమిత్తం వేరు. నెపం, వంక, సాకు అని ఇంకా సన్నగా చీల్చాం. కాకి వాలగానే తాటిపండు రాలితే కాకతాళీయమన్నాం, కాకి మీద నింద వేయలేదు. ఇన్ని మాటలు చేతిలో ఉండి కూడా ఆ రోజు నేను చెట్టు మీదే నింద వేశాను. ఆమె ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు గొడవ వార్త రాగానే విలేకరిని అడుగుతాను: ‘‘వత్తి సంగతి సరే, మందు ఎన్నాళ్ల నుంచి దట్టించారు?’’ ఒక్కోసారి రెండు రోజులు తిరిగితే గానీ జవాబు దొరకదు. అందాకా శీర్షికలో ‘ఘర్షణ’ అని మాత్రమే ఉంచి, ఎందుకన్నది రాయకుండా ఆపుతున్నాను.