పెద్దకూర సరే, గడ్డి ఎవరిది?

కిలో గొడ్డు మాంసానికి 15,400 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయట. పర్యావరణం పేరుతో మాట్లాడే మేధావులు ఈ అంకెని సెమినార్లలో వల్లిస్తుంటే వింటూనే ఉన్నాం. మతం చెప్పి మాన్పించలేని కూరని లెక్క చెప్పి మాన్పిద్దామన్న ఉత్సాహం కూడా అందులో కొంత ఉంది. ఆ అంకె ప్రపంచ సగటు. పైగా అందులో నూటికి 90 పాళ్ళకు పైగా వానకి పెరిగిన మేతలోని నీరే. అమెరికాలో మొక్కజొన్న పెట్టి కొవ్వించే పశువునీ, అనకాపల్లి పొలాల్లో తిరిగే పశువునీ ఒకే కాటాలో తూచితే ఎలా?

ఇక్కడి గొడ్డు ఏం తింటుంది? వరిగడ్డి, చెరకు ఆకు, గట్టుమీది గడ్డి, చేనులో పీకిన కలుపు. తవుడూ తెలగపిండీ కలిపిన కుడితి పాలిచ్చే గేదెకి. దున్నదూడకి తల్లిపాలే సరిగ్గా దక్కవు, ఇక కుడితి మాట చెప్పాలా?

అయితే దళిత శిబిరం నుంచి వస్తున్న జవాబుతోనూ మాకు పేచీ ఉంది. మన పశువు దొరికింది తిని బతుకుతుంది, దానికి ఖర్చే లేదనడం సగం అబద్ధం. గడ్డి ఊరికే రాదు. 250 కిలోల పశువుకి రోజుకి దాదాపు 7 కిలోల వరిగడ్డి కావాలి. ఏడాదికి రెండున్నర టన్నులు. ఎన్ని వడ్లు పండితే ఇంచుమించు అంత గడ్డి వస్తుంది కాబట్టి, ఒక్క పశువుకి ఎకరం పైచిలుకు చేను గడ్డి కావాలన్నమాట. అదీ పొట్ట నిండటానికే. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళే, ఒట్టి గడ్డితో కండ పట్టదు. నూరు కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్ళలో కలిపి చల్లి, మూడు వారాలు కప్పిపెడితే ఆ పాళ్ళు రెట్టింపవుతాయని పశువైద్యులు చెప్తారు. మంచిదే. కానీ గడ్డివామి ఎవరి కళ్ళంలో ఉంది? భూమి ఉన్నవాడి కళ్ళంలో. భూమిలేని మాల మాదిగలు గడ్డి కొనాలి, లేదా ఆడవాళ్ళు కూలి చేసొచ్చాక గట్లమీద మోపు కోసుకు రావాలి. ఆ మోపు ఏ లెక్కలోకీ ఎక్కదు. పశువు కోసం రోజూ ముప్పై నలభై లీటర్ల నీళ్ళు మోసే నడుమూ ఎక్కదు.

మిగిలింది ఊరుమ్మడి మేత. విశాఖలో దాని గతేమైంది? 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. 20 వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. నిర్వాసితుల ఆర్‌కార్డుల కోసం, ఉద్యోగాల కోసం దశాబ్దాలుగా పోరాటం నడిచింది, నడవాలి కూడా. కానీ నష్టపరిహారం పట్టా చూసి ఇస్తారు. పోరంబోకులో, చెరువు గర్భంలో మేపుకున్నవాడికి పట్టా ఎక్కడిది? ఇదే నగరం రేవు నుంచి నూనె తీసిన సోయాపిండి ఓడలెక్కి పరాయి దేశాల కోళ్ళకీ పందులకీ మేతగా పోయింది. 2023 జూలైలో కేంద్రం నూనె తీసిన తవుడు ఎగుమతిని ఆపింది. దాణా ధర పెరిగితే పాల ధర పెరుగుతుందన్న భయంతో. పాలు తాగేవాళ్ళ గోడు ఢిల్లీకి బాగానే వినబడుతుంది.

ఇక చట్టం. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవునీ, దాని దూడనీ, గేదెదూడనీ కొయ్యకూడదంది. ఎద్దుకీ, ఎదిగిన గేదెకీ, దున్నకీ సర్టిఫికెట్ కావాలి. సేద్యానికీ పాడికీ సంతానానికీ ఇక గిట్టదు అని. దీన్ని మేత లెక్కతో కలిపి చదివినవాళ్ళు తక్కువ. పనికిరాకుండా పోయాకే మాంసం కావాలంటే, మాంసం కోసం మేపడమన్న మాటే ఉండదు. ముసలెద్దుకి తెలగపిండి ఎవడు పెడతాడు? 11వ ప్రణాళిక (2007-12) కాలంలో దున్నదూడల్ని కాపాడి పెంచే పథకం తెచ్చింది కూడా ప్రభుత్వమే. ఒక చేత్తో మేపమంటుంది, ఇంకో చేత్తో పనికిరానిదని రాయించుకు రమ్మంటుంది. ఎగుమతి వ్యాపారి ఈ రెండిటి మధ్యా దారి చూసుకోగలడు. మానాపురం, అలమండ సంతల్లో ఒకటి రెండు పశువులు పట్టే బేరగాడి వల్ల అవుతుందా?

చచ్చిన గొడ్డు మాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని అంబేద్కర్ 1948లో ‘ది అన్‌టచబుల్స్’లో చర్చించారు. మిగిలిపోయిందే మన వాటా అనే పాత ఏర్పాటుకి ఈ సర్టిఫికెట్ ఏమంత దూరం?

2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పెద్దకూర పండగ జరిగినప్పుడు తినే హక్కు మీద గట్టి చర్చే నడిచింది. మేపే హక్కు మీద అలాంటి చర్చ జరగలేదు. విద్యార్థి సంఘాలు చెయ్యగల పని ఒకటుంది. ఊరూరా అడంగల్ తీసి, మేత పోరంబోకు ఒకప్పుడెంత, ఇప్పుడెంత, ఎవరి చేతిలో ఉందో రాయాలి. పరవాడ, పెదగంట్యాడ మండలాల నుంచి మొదలుపెట్టొచ్చు.